పసుపు సాక్ష్యం

మా కాలేజీకి ఆ దీపం ఒక చర్మవ్యాధుల డాక్టరు దగ్గరనుంచి వచ్చింది. హైదరాబాదులో ఆయన దవాఖాన మూసేస్తూ సామాను అమ్ముతున్నాడని తెలిసి, మా కెమిస్ట్రీ హెడ్డుగారు బేరమాడి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. నల్లగాజు బల్బు. వెలిగిస్తే వెలిగినట్టే ఉండదు, మసకగా ఊదారంగు కనిపిస్తుంది, అంతే. కానీ దాని నుంచి వచ్చే కంటికి కనబడని వెలుతురు కొన్ని పదార్థాల మీద పడితే, అవి తమ సొంత రంగులో వెలుగుతాయి. పిల్లల తలల్లో తామరను డాక్టరు ఆ వెలుగుతోనే పోల్చుకునేవాడట. ఈ గుణాన్ని పుస్తకాల్లో ప్రతిదీప్తి అంటారు.

అరవైల నడిమి సంవత్సరాలవి. నల్లగొండలో నేను డిమాన్‌స్ట్రేటర్ని. రోజూ డైరీ రాసే అలవాటు అప్పటికే ముదిరింది. దీపం వచ్చిన రోజున దాని పొడవు, వెడల్పు, బరువు కూడా రాసుకున్నాను. నా భార్య ఆ పేజీ చూసింది. నలుగురిలో నన్ను ‘మీరు’ అని, వంటింట్లో ‘నువ్వు’ అని పిలిచే హాలియా దిక్కు మనిషి ఆమె.

“నన్ను చేసుకున్ననాడు నా బరువు గూడ రాసినవా?” అంది.

“లేదు.”

“ఎందుకు రాయలే?”

“తక్కెడ దొరకలేదు” అన్నాను. ఆ పూట అన్నంలోకి చారు ఒక్కటే దొరికింది. అది కూడా రాసుకున్నాను.

దీపాన్ని చీకట్లో తప్ప వాడలేం. త్రాసులుండే చిన్నగదికి రెండు కిటికీలు, వాటికి పగిలిన రెక్కలు. నల్లగుడ్డ కొనమని అర్జీ పెడితే ఏడాది పడుతుంది. మా బాపుది కొల్లాపూర్ దగ్గర ఒక ఊరు, గొర్రెలే మా ఇంటి బతుకు. ఆయనకు కబురు పెడితే రెండు నల్ల గొంగళ్ళు భుజాన వేసుకుని వచ్చాడు. కిటికీలకు కట్టాం. సూది మొనంత వెలుతురు కూడా రాలేదు. వాసన మాత్రం వచ్చింది.

హెడ్డుగారు గుంటూరు వైపు మనిషి, మంచివారు, ముక్కు చాలా సున్నితం. గుమ్మంలోనే ఆగిపోయారు.

“ఏమండీ, ఇది లాబరేటరీయా, గొర్రెల దొడ్డా?”

“గొంగడి సార్, కొత్తది. వారం రోజులల్ల వాసన పోతది” అన్నాను.

“పోయేది గొంగళి వాసనా, మన ముక్కులా?” అన్నారాయన.

వెనక నుంచి మా ల్యాబు అటెండరు అందుకున్నాడు. “సార్, వానాకాలంల కప్పుకోనీకె గూడ పనికొస్తయి. సర్కారుకు డబల్ ఫాయిదా.”

ఆయన్ని అందరం చాచా అనేవాళ్ళం. యాభై దాటిన మనిషి, ఐదు పూటలా నమాజు తప్పడు. గాజు గొట్టాలు ఆయన కడిగితే వాటిలో ముఖం చూసుకోవచ్చు. పదకొండేళ్ళుగా టెంపరరీ. ఆ సంవత్సరం ఆయన్ని పర్మనెంటు చేసే కాగితం పైనుంచి వచ్చింది. ‘నడవడి సంతృప్తికరం’ అని హెడ్డుగారు రాసి సంతకం పెడితే చాలు. పెట్టకపోతే ఆ ఏడాదితో ఉద్యోగం సరి. రేపు మాపు అంటూ ఆ కాగితం బల్లమీద పడి ఉంది.

దీపం కింద నేను మొదట పెట్టింది పసుపు. ఎందుకంటే అది ఉచితం. చిటికెడు పసుపును స్పిరిటులో నానబెట్టి, పైకి తేలిన పచ్చటి తేటను వేరే సీసాలో వంచుకున్నాను. ఆ తేట నుంచి మూడేసి చుక్కలు తీసి, రకరకాల ద్రవాలున్న గాజు గొట్టాల్లో వేసి, దీపం కింద వరసగా నిలబెట్టాను. పగటి వెలుతురులో అన్నీ లేత పసుపే. గొంగడి దించి దీపం వేసేసరికి ఒక్కోటి ఒక్కో దారి పట్టింది. బెంజీనులో పసుపు నీలం కలిసిన ఆకుపచ్చగా వెలిగింది. అసిటోనులో ఇంకాస్త ఆకుపచ్చ. స్పిరిటులో ఆ ఆకుపచ్చ పసుపు వైపు జరిగింది, లేత నిమ్మకాయ రంగు. నీళ్ళలో మాత్రం దాదాపు ఏమీ లేదు. గ్యాసునూనెలో, అంటే కిరోసిన్‌లో, కూడా వేశాను. అందమైన నీలం వచ్చింది. కానీ నేను క్రమం తప్పని మనిషిని కదా, ఉత్త గ్యాసునూనెను కూడా పక్కన పెట్టి చూశాను. అది కూడా నీలంగానే వెలుగుతోంది. ఆ వెలుగులో పసుపుది ఎంతో, గ్యాసునూనెది ఎంతో తేల్చలేక దాన్ని జాబితాలోంచి కొట్టేశాను. ఆ రోజంతా నా జాగ్రత్తకు నేనే మురిసిపోయాను.

చాచా గొట్టాలన్నీ వంగి చూశాడు. “పసుపు ఒక్కటే గద సార్. గిన్ని రంగులెట్ల?”

పుస్తకంలో ఉన్నది చెబితే నాకే అర్థం కాదు. అందుకని ఇలా చెప్పాను. పసుపులోని అణువు దీపం నుంచి వెలుతురు మింగుతుంది. దాన్ని వెంటనే తిరిగి ఇచ్చెయ్యదు, లెక్కకు అందనంత చిన్న క్షణం పట్టుకుని ఉంటుంది. ఆ క్షణంలో చుట్టూ ఉన్న ద్రావణి అణువులు దానివైపు తిరుగుతాయి, ఆనుకుంటాయి, కొంత శక్తిని లాక్కుంటాయి. బెంజీను పెద్దగా పట్టించుకోదు, అందుకని పసుపు మింగినదాంట్లో ఎక్కువ భాగం తిరిగి ఇస్తుంది, వెలుగు నీలానికి దగ్గరగా ఉంటుంది. స్పిరిటు గట్టిగా ఆనుకుంటుంది, తిరిగి వచ్చే వెలుగులో శక్తి తగ్గి రంగు పసుపు వైపు జరుగుతుంది. నీళ్ళయితే చుట్టుముట్టి దాదాపు అంతా లోపలే హరించేస్తాయి, బయటికి ఏమీ రాదు.

చాచా కాసేపు ఆలోచించాడు. “సమజైంది సార్. మీరు అత్తగారింట్ల ఒక తీరు ఉంటరు, మీ ఇంట్ల ఒక తీరు, హెడ్డు సార్ ముంగట…” అని ఆ చివరి గొట్టం, నీళ్ళది, వేలితో చూపించాడు.

ఇంతకంటే మంచి ఉదాహరణ తర్వాత ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినా నాకు దొరకలేదు. అప్పుడు మాత్రం కొంచెం కోపం వచ్చింది.

ఇక స్పిరిటు సంగతి. మా కాలేజీకి స్పిరిటు ఆబ్కారీ వాళ్ళ పర్మిటు మీద వచ్చేది. తాగేవాళ్ళ చేతికి పోతుందని వాళ్ళ భయం. ఎక్కడో ఒక కాలేజీలో స్పిరిటు తీసి నీళ్ళు కలుపుతున్నారన్న మాట హెడ్డుగారి చెవిన పడింది. మన సీసాను వారం వారం పరీక్ష చెయ్యాలన్నారు. మామూలుగా అయితే, ద్రవంలో వేస్తే తేలి సాంద్రత చూపించే హైడ్రోమీటరుతో ఒక్క నిమిషం పని. ఆ హైడ్రోమీటరును అంతకుముందు ఏడాది నేనే పగలగొట్టాను. కొత్తది ఇంకా రాలేదు.

“పసుపుతో పరీక్ష చేద్దాం సార్” అన్నాను, ఉత్సాహంగా. నీళ్ళు కలిస్తే స్పిరిటులో పసుపు వెలుగు తగ్గుతుంది, రంగు కూడా ఇంకాస్త పసుపు వైపు జరుగుతుంది. ఎంత తగ్గిందో కొలిస్తే ఎన్ని నీళ్ళు కలిశాయో తెలుస్తుంది. కొలిచే ఉపాయం కూడా నాదే. వెలిగే గొట్టం పక్కన గీతలు గీసిన కాగితం పెట్టి, గీతలు ఎంత దూరం దాకా కనబడతాయో స్కేలుతో చూడటం. మొదటి శనివారం మంచి స్పిరిటులో నాలుగున్నర అంగుళాల దాకా కనబడ్డాయి. కావాలని నీళ్ళు కలిపిన గొట్టాలను కూడా కొలిచి, డైరీలో పట్టిక వేసుకున్నాను. పావు వంతు నీళ్ళుంటే మూడు అంగుళాలు.

ప్రతివారం కొలతా ఒకేలా ఉండాలని ఒకే పసుపు తేట వాడాలనుకున్నాను. ఆ చిన్న సీసాను ఎవరూ ముట్టకుండా, నా కళ్ళెదురుగా ఉండేటట్టు, నా బల్ల పక్క కిటికీలో పెట్టుకున్నాను. ఆ కిటికీకి గొంగడి లేదు, తూర్పు ఎండ చక్కగా పడుతుంది.

రెండో శనివారం నాలుగు అంగుళాలు. మూడో శనివారం మూడున్నర. నాలుగో శనివారం మూడు.

స్పిరిటు బీరువా తాళంచెవి చాచా దగ్గరే ఉండేది. వేరే ఎవరి దగ్గరా లేదు.

హెడ్డుగారి గదిలోకి వెళ్ళి చెప్పాను. నా గొంతు గట్టిగా లేదు కానీ నా పట్టిక గట్టిగా ఉంది. ఆయన పట్టిక చూశారు, కళ్ళద్దాలు తీశారు.

“ఖాయమేనాండీ?”

“కొలత సార్” అన్నాను.

“సోమవారం రాసేస్తాను. సంతృప్తికరం కాదని” అన్నారు. అక్కడే గుమాస్తా ఏదో ఫైలు వెతుకుతూ నిలబడి ఉన్నాడు. ఆ ఫైలు ఆయనకు ఎంతసేపటికీ దొరకలేదు.

చాచాను పిలిచారు. ఆయన అరవలేదు. నావైపు తిరిగాడు.

“నేను తాగిన్నా సార్?”

“తాగావని అనలేదు. నీళ్ళు కలిశాయన్నాను.”

“తాళం నా తాన ఉంటది. నీళ్ళు కలిసినయంటె గదేమాట కాదా? జర అగ్గిపుల్ల గీసి చూడుండ్రి, మండుతదో లేదో.”

“పావు వంతు నీళ్ళున్నా స్పిరిటు మండుతుంది చాచా.”

“అంటె మంట మాట ఇనరు, పదకొండేండ్లు చూసిన నా మాట ఇనరు. పసుపు మాట ఇంటరు” అన్నాడాయన. టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రానికి కాలేజీ ఎదుటి ఛాయ్ హోటల్లో ఆ సంగతి అందరికీ తెలిసింది. ‘నమాజీ ముసలోడు స్పిరిటు తాగుతడంట’ అన్న రూపంలో తెలిసింది.

ఆ రాత్రి నేను తిన్నానో లేదో డైరీలో లేదు. నాకది అలవాటు లేని లోపం.

ఆదివారం మధ్యాహ్నం నా భార్య పెరట్లో బట్టలు ఆరేస్తోంది. శనివారం నేను తొడుక్కున్న తెల్ల అంగీ మీద పసుపు తేట ఒలికి అరచేతంత మరక పడింది. ఆమె సబ్బు పెట్టింది. మరక ఎర్రబడింది. నేను అరుగు మీద కూచుని విసుక్కున్నాను.

“అంగీ ఆగమైంది. ఇక అది తొడుక్కోను.”

“ఎందుకాగమైతది?” అంటూ ఆమె మరక ఉన్న వైపు ఎండకు తిప్పి తీగ మీద వేసింది. “రెండు దినాలు ఎండల ఉంటె పసుపు ఉంటదా? పోతది.”

“సబ్బుకే పోలేదు…”

“సబ్బుకు పోదు. ఎండకు పోతది. నీ పెండ్లి ధోతి గిట్లనే తెల్లగ చేసిన. ఆడోళ్ళందరికి ఎరుకే. ఇగో, నిన్నే. ఏమైంది, గట్ల చూస్తున్నవు?”

నేను లోపలికి వెళ్ళి డైరీ తెచ్చాను. నాలుగు శనివారాల పేజీలూ చదివాను. మొదటిది పోగా మూడు చోట్లా నా చేతివ్రాతతోనే ఉంది: ‘వెలుగు తగ్గినది. రంగు మారలేదు.’ నీళ్ళు కలిసి ఉంటే రంగు మారాలి, పసుపు వైపు జరగాలి. అది నేనే కనిపెట్టాను, నేనే చెప్పాను, మూడు సార్లు నేనే రాశాను. చదువుకోలేదు. తగ్గింది స్పిరిటు కాదు, నేను ఎండలో మూడు వారాలు భద్రంగా దాచుకున్న పసుపు.

“పసుపు పొట్లం కట్టియ్యి” అన్నాను.

“ఏం, మల్ల ఎవరి కొలువు తీస్తవు?” అంది. కానీ కట్టి ఇచ్చింది.

పరీక్ష చెయ్యాలంటే స్పిరిటు కావాలి. స్పిరిటు బీరువా తాళంచెవి చాచా దగ్గర. కాబట్టి దొంగ అని నేను చెప్పిన మనిషి ఇంటికే తాళంచెవి కోసం వెళ్ళాను. గుమ్మంలో నిలబడి పిలిచాను. ఆయన సైకిలు చైనుకు నూనె వేస్తున్నాడు, తల ఎత్తలేదు.

“ఆయితారం గూడ చెవి ఇయ్యాల్నా సార్? సోమారం ఎట్లాగో ఇచ్చిపోయేదే గద.”

“చాచా, తప్పు స్పిరిటుది కాకపోవచ్చు. పసుపుది కావచ్చు.”

“నిన్న పసుపు నా మీద గవాహి చెప్పింది. ఇయ్యాల పసుపు మీదనే కేసా?” అన్నాడు. కానీ లేచాడు. చేతులు కడుక్కుని, సైకిలు నడిపిస్తూ నా పక్కన వచ్చాడు.

ల్యాబులో పొట్లం విప్పి, కొత్త తేట చేశాను. ఒకే సీసాలోని స్పిరిటును రెండు గొట్టాల్లో పోశాను. ఒకదానిలో కొత్త తేట మూడు చుక్కలు, ఇంకోదానిలో కిటికీలోని పాత తేట మూడు చుక్కలు. దీపం వేశాం. పాతది నిన్నటిలాగే నీరసంగా ఉంది. కొత్తది నిమ్మరంగులో భగ్గుమంది. స్కేలు పెట్టాను. నాలుగున్నర అంగుళాలు. మళ్ళీ పెట్టాను. నాలుగున్నరే.

“గదేంది సార్, అదే స్పిరిట్ కాదా?”

“అదే. స్పిరిటు మంచిదే. ఎండకు నా పసుపు చచ్చిపోయింది.”

చాచా ఆ పాత సీసాను చేతిలోకి తీసుకుని, కిటికీ వైపు చూశాడు, నా వైపు చూశాడు. “మా బేగంకు తెలుసు గిది. పసుపు మరకలు ఎండల ఏస్తది. అడిగితె చెప్పేది గద సార్.”

అడగాలని తోచలేదు మరి.

సోమవారం పొద్దున హెడ్డుగారు గదిలోకి రాకముందే నేను గుమ్మంలో నిలబడ్డాను. రెండు గొట్టాలూ చూపించి, జరిగిందంతా వరసగా చెప్పాను. ఎక్కడ తప్పానో, ఎన్నిసార్లు తప్పానో, రంగు మారలేదన్న మాట మూడు పేజీల్లో ఎలా ఉందో చెప్పాను. ఆయన కాగితం ముందుకు లాక్కున్నారు.

“మీ పద్ధతి మంచిదేనండీ. ఇకమీదట మీ పసుపుకి ఓ గొడుగు పట్టించండి” అన్నారు. నడవడి మిక్కిలి సంతృప్తికరం అని రాసి సంతకం పెట్టారు. ‘మిక్కిలి’ ఆయన సొంతంగా చేర్చారు.

నేను పరుగులాంటి నడకతో ల్యాబుకు వచ్చి చాచాకు చెప్పాను. ఆయన గొట్టాలు కడుగుతున్నాడు. కడగడం ఆపలేదు.

“షుక్రియా సార్. కాగజ్ అయితె సక్కగయింది. ఇజ్జత్ సంగతేంది?”

“అంటే?”

“శనారం నుంచి నేను హోటల్ ముంగట్నుంచి పోతలేను. సుట్టు తిరిగి ఇంటికి పోతున్న. మా బేగం రెండు దినాల సంది నా మొకం చూస్తలేదు. సంతకం హెడ్డు సార్ రూమ్‌ల ఉంటది. ఆడికి పోయి ఎవలు చదువుతరు?”

పన్నెండు గంటలకు హోటల్ నిండుగా ఉంటుంది. చాచా, నేను కలిసి వెళ్ళాం. గుమాస్తా కూడా అక్కడే ఉన్నాడు, రెండు బిస్కెట్లు ముంచుకుంటూ. నేను గొంతు సవరించుకుని, బెంచీ పక్కన నిలబడి మొదలుపెట్టాను.

“మీరందరూ పసుపు చూసే ఉంటారు. పసుపులో ఒక అణువు ఉంది. అది వెలుతురును మింగి, చుట్టూ ఉన్న ద్రవాన్ని బట్టి దాన్ని వేరే వేరే రంగుల్లో తిరిగి ఇస్తుంది. బెంజీనులో అయితే నీలం కలిసిన…”

మనుషులు కప్పులు దించారు. ఒకాయన పక్కవాడిని, “ఏం అమ్ముతున్నడు?” అని అడిగాడు. నేను ఇంకా స్పిరిటు దగ్గరికి రాలేదు, అసిటోను దగ్గరే ఉన్నాను.

చాచా నా మోచెయ్యి పట్టుకున్నాడు.

“గదంత వద్దు సార్. తప్పు నాది అనుండ్రి, సాలు.”

“స్పిరిటులో ఎవరూ నీళ్ళు కలపలేదు” అన్నాను. “తప్పు నాది.”

గుమాస్తా బిస్కెట్టు కప్పులో విరిగి పడింది.

“జర పెద్దగ అనుండ్రి సార్” అన్నాడు చాచా. “ఆ మూలకు ఉన్నోళ్ళకు ఇనపడలే.”

పెద్దగా అన్నాను.